కీచుమను బెల్టునకు కందెన మందు గాదు

ఎడ్లబండి ఇరుసు కీచుమన్నచో కందెన వేయుట మన కర్షకులకు తాతలనాటినుండి వచ్చిన వాడుక. ఆ వాడుక మంచిదే. కాని దానినే మోటారుకారు ఇంజనుకడకు గొనిపోయి, కూయుచున్న బెల్టుమీద నూనెయో, గ్రీజో, సబ్బుముక్కయో రుద్దుట మన గ్రామములలో నేటికిని కానవచ్చుచున్నది. ఇది మానవలసిన పని యని నా దృఢాభిప్రాయము. అందులకు గల కారణములను సంఘసభ్యుల యెదుట నుంచుచున్నాను.

ఇరుసు పని వేరు, బెల్టు పని వేరు. ఇరుసుమీద చక్రము జారుచు తిరుగవలయును. అందులకు కందెన తోడ్పడును. బెల్టన్ననో పుల్లీని గట్టిగా పట్టి త్రిప్పవలయును. జారినచో దాని పని చెడినట్లే. చేదత్రాటికి నూనె రాచి నీరు తోడువాడు లేడు గదా! బెల్టు పెట్టు కీచుధ్వని చాలవరకు ఆ జారుటవలననే పుట్టును. నూనె రాచితిమేని ధ్వని కొంతసే పణగును, జారుట మాత్రము హెచ్చును. అంతియ గాక, నూనెకును కిరసనాయిలునకును రబ్బరు ఉబ్బి మెత్తబడి, త్వరలోనే పాడగును. అంగళ్లలో నమ్ము జిగురుమందులు తాత్కాలికముగా పట్టు నిచ్చినను, మన బాటల దుమ్మునంతయు బెల్టునకు పట్టించి తుదకు చెరుపే చేయును.

"చప్పుడే గదా, కారు నడచుచున్నది గదా" యని కొందఱందురు. ఆ చప్పుడు వెనుక నేమున్నదో చూడవలయును. 2014లో ఉత్తరపారా కర్మాగారమున నిర్మాణము నిలిచిపోయిన యంబాసిడరు కార్లు మన పల్లెలలో నింకను కొన్ని తిరుగుచున్నవి. వానిలోని పాత పెట్రోలు ఇంజనులకు ఒక్క బెల్టే నీళ్లపంపును, ఫ్యానును, డైనమోను త్రిప్పును. ఆ బెల్టు జారినచో నీరు సరిగా ప్రసరింపదు, ఇంజను కాగును, బ్యాటరీ నిండదు. తెగినచో కొలది దూరములోనే రేడియేటరు నీరు మరగును. అటుపిమ్మటను నడిపినచో సిలిండరు హెడ్డు వంగుటయు, గ్యాస్కెట్టు కాలుటయు సంభవించును. నడిరేయి ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి గొనిపోవుచుండగా దీపములు మందగించి యింజను నిలిచిపోయినచో ఆ యింటివారి గతి యేమి? కావున ఆ కూత నోరు మూయవలసిన రొద గాదు, ముందుగా వచ్చిన హెచ్చరిక.

ఇక చేయవలసిన దేమి? మొదట ధ్వని నెఱుగవలయును. ఇంజను వేసిన క్షణముననో, వేగము హెచ్చించినప్పుడో, దీపములు వెలిగించినప్పుడో దీర్ఘముగా కీచుమన్నచో బెల్టు వదులైనదని యూహింపవచ్చును. అప్పుడు డైనమోకు భారము హెచ్చి బెల్టు జారును. పిచ్చుక కిచకిచ వలె పుల్లీ తిరుగుడుతో తాళము తప్పక వచ్చినచో పుల్లీలు ఒకే వరుసలో లేవని యనుమానింపవలయును. గరగరమను మ్రోత వచ్చినచో ఇంజను నాపి, బెల్టు తీసి, ఒక్కొక్క పుల్లీని చేతితో త్రిప్పి చూడవలయును. గరుకుగా తిరిగినదాని బేరింగు పోయినది. దానికి క్రొత్త బెల్టు వేసినను ప్రయోజనము లేదు.

పెక్కు గాడులుగల వెడల్పు బెల్టున్న కార్లకు మఱియొక పరీక్ష కలదు. ఇంజను నడచుచుండగా దూరమునుండి బెల్టు గాడులమీద కొంచెము నీరు చిమ్మవలయును. ధ్వని కొంతసేపు మానినచో వరుస తప్పినదనియు, హెచ్చినచో బిగువు చాలదనియు గ్రహింపవచ్చును. ఇట్లు చూచునప్పుడు పంచె చెంగు గాని, కండువా గాని, చీరకొంగు గాని బెల్టు దరికి పోనీయరాదు. నడచుచున్న బెల్టును చేతితో ముట్టుట వ్రేళ్లను పోగొట్టుకొనుటయే.

బెల్టును పరీక్షించుటకు ఇంజను నాపి చల్లారనీయవలయును. ఆంగ్లమునందలి 'వి' యక్షరమువంటి పాతరకపు బెల్టు గాడి ప్రక్కలను పట్టి పనిచేయును గాని యడుగును తాకి గాదు. గాడి యడుగు అద్దమువలె మెఱయుచున్నచో బెల్టు అరిగి దిగినదనియో, పుల్లీయే అరిగినదనియో తెలియును. ప్రక్కలు నున్నబడి మెఱసినను, పగిలినను, పోగులు లేచినను దానిని మార్చవలసినదే. వెనుకటి నియోప్రీను బెల్టులు ముదిరి పగుళ్లు చూపెడివి, నేటి ఇ.పి.డి.ఎమ్. రబ్బరు బెల్టులు పగుళ్లు లేకయే అరిగిపోవును. కావున పగుళ్లు లేవని నిశ్చింతగా నుండరాదు.

బెల్టు బాగుగనే యుండి వదులైనచో బిగింపవలయును. పాత కార్లలో రెండు పుల్లీల నడుమ నెక్కువ పొడవుగల భాగమును మధ్యమున బొటనవ్రేలితో నొక్కినచో సుమా రర అంగుళము, అనగా 13 మిల్లీమీటర్లు, లోనికి పోవుట సాధారణపు కొలత. మీ కారు పుస్తకములో వేఱు కొలత యున్నచో దానినే పాటింపుడు. డైనమో బోల్టులను వదులుచేసి, దానిని ఇంజనునుండి వెలుపలికి జరిపి, మరల బిగింపవలయును. మిక్కిలి బిగించుటయు దోషమే. నీళ్లపంపు బేరింగులును డైనమో బేరింగులును దానివలన చెడును. క్రొత్త బెల్టు కొంతదూరము నడచినపిదప సాగును గనుక మరల నొకమారు చూడవలయును. స్ప్రింగు బిగింపుగల నూతన కార్లలో ఈ పద్ధతి పనికిరాదు. అందు స్ప్రింగు సడలినచో ఆ భాగమునే మార్చవలయును.

క్రొత్త బెల్టు వేసిన చాలునను వారును తొందరపడుచున్నారు. ఇంజను నూనె గాని, నీళ్లపంపు నీరు గాని కారి బెల్టుమీద పడుచున్నచో క్రొత్తదియు నెలలోపలనే కూయసాగును. మొదట కారుట నాపి, పుల్లీలను శుభ్రముగ తుడిచి, పిమ్మటనే బెల్టు వేయవలయును. వేరు పురుగును వదలి ఆకులకు మందు చల్లుటవంటిది తక్కిన చికిత్స.

ఈ విషయమున సహకార సంఘములు చేయదగినది కూడ కలదు. ఎరువులను విత్తనములను నిలువ చేయు సంఘము, సభ్యుల పాతకార్లకు జీపులకు తగిన బెల్టుల కొలతలను ఒక పుస్తకమున వ్రాసికొని, ఒక్కొక్క దానిని గిడ్డంగిలో నేల యుంచరాదు? పాత బండ్ల సామానులు పట్టణములలోను సులభముగా దొరకని కాలమిది. గుంటూరు మిరపయార్డునకు కాయలు పోవు దినములకు ముందుగా ఒకనాడు సభ్యుల బండ్లనన్నిటిని సంఘము ముంగిట చేర్చి, తెలిసిన పనివానిచేత బెల్టులను చూపించుట గొప్ప వ్యయము గాదు. ఒక బెల్టు వెల యెక్కడ, కాలిన యింజను మరమ్మతు వెల యెక్కడ?

పైరు వాడుముఖము పట్టినప్పుడే దాని వేరు జూచు రైతునకు, యంత్రపు మూలమును వెదకుట కష్టము గాదు. ఇకముందు బెల్టు కూసినప్పుడు సభ్యులు నూనెడబ్బాకు గాక, ఇంజను నాపి, బెల్టు బిగువు జూచుటకు చేయి చాపుదురు గాక యని మనవి.