ఏటి గట్టు - మన ఫొటోలు

సంక్రాంతి సెలవులు అయిన తరువాత మన కళాశాల నుంచి నాగావళి ఒడ్డున ప్రకృతి పరిశీలనకు నడిచి వెళ్లిన వారిలో నేనూ ఒకణ్ణి. మంచు విడవక ముందే బయలుదేరాం. పట్టణానికి ఎగువన గట్టు వెంబడి సుమారు ఐదు కిలోమీటర్లు నడిచాం. జువాలజీ మాస్టారు నీటికాకుల్ని, గుడ్డికొంగల్ని చూపించారు. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలిచి, చేప మీదకి రాయిలా పడే నలుపు తెలుపు లకుముకిపిట్టను చూపించారు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే, ఒకరిద్దరి దగ్గర కెమెరాలు. తరువాత యూనియన్ వారు ఫొటోల ప్రదర్శన పెట్టారు. నా ఫొటోకి ద్వితీయ బహుమతి వచ్చింది. సూర్యోదయం, బంగారు రంగు నీరు, ఇసుక తిన్నె మీద ఒంటరి కొంగ.

మాది ఆ ఏటి పక్క ఊరే, వ్యవసాయ కుటుంబం. ఇంటికి వెళ్లినప్పుడు ఫొటో నాన్నకి చూపించాను. చాలాసేపు చూశాడు. "బాగుందిరా గుంటడా. మన రేవుకి ఎగువన కదేటి ఇది? మరి ట్రాక్టర్లేవీ?" అన్నాడు.

ట్రాక్టర్లు ఉన్నాయి. రెండు. అవి పడకుండా నేనే నాలుగడుగులు పక్కకి జరిగి తీశాను. బహుమతిగా ఇచ్చిన స్టీలు గ్లాసుతో ఇప్పటికీ మంచినీళ్లు తాగుతున్నాను గాని, నాన్న అడిగిన మాట మాత్రం గొంతు దిగలేదు.

మిత్రులారా, ఆ రోజు ప్రదర్శనలో నలభైకి పైగా ఫొటోలున్నాయి. ఒక్కదానిలోనూ ఇసుక గుంత లేదు. మనమందరం చూసినదాన్ని మనమందరం వదిలేశాం. సైన్సు విద్యార్థులు చేయవలసిన పనేనా ఇది?

నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తోంది. బలరాముడు నాగలితో ఈ ఏటిని తెచ్చాడని స్థలపురాణం. లాంగుల్య అనే పేరు కూడా లాంగలం నుంచి, అంటే నాగలి నుంచే వచ్చిందంటారు. రైతుబిడ్డని కనుక నాకా కథంటే ఇష్టం. తోటపల్లి, నారాయణపురం ఆనకట్టల నుంచి మన పొలాలకు పారేది ఈ నీరే. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో నీరు నిలుస్తుందనీ, ఏటి అడుగు దిగిపోతే గట్టు పక్క నూతుల్లో నీరు కూడా దిగిపోతుందనీ పుస్తకాల్లో చదువుకున్నాం. మా కళ్లం దగ్గర నూతికి మూడు ఎండాకాలాలుగా చేంతాడు పొడుగు పెంచుతూనే ఉన్నాం. వానలు సరిగా లేకపోవడం కూడా కొంత కారణం కావచ్చు. ఏది ఎంత అన్నది తేలాలంటే కొలతలుండాలి. అవి మన దగ్గర లేవు.

ట్రాక్టరు తోలే కుర్రాడు మా మావ కొడుకే. వాడి కూలి మీద నాకు కోపం లేదు. మా ఇంటికి పెంకు తీసి స్లాబు వేసినప్పుడు వాడిన ఇసుక ఈ ఏటిదే. అయితే దేనికైనా ఒక లెక్క ఉండాలి కదా! 2016లో కేంద్ర పర్యావరణ శాఖ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఏటిలో తవ్వకం లోతు మూడు మీటర్లు మించకూడదు. మూడు మీటర్లంటే మంచి వెదురు గెడ పొడవు. గెడ పట్టుకుని ఒకరు గుంత పక్కన నిలబడితే, ఇంకొకరు ఫొటో తీస్తే, అది సాక్ష్యమవుతుంది. మంచు కొండలు కరిగిపోతున్నాయని ప్రపంచానికి తెలియజెప్పిన వాటిలో ఇలాంటి ఫొటోలే ముఖ్యమైనవి. పాతకాలంలో ఎక్కడ నిలబడి తీశారో అక్కడే మళ్లీ నిలబడి తీసి పక్కపక్కన పెట్టారు, అంతే.

పిట్టల సంగతీ చెప్పాలి. తీతువు కూస్తే చావు కబురని మా నాయనమ్మ తలుపేసేస్తుంది. పాపం, ఆ పిట్ట నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అవి రాళ్ల రంగులోనే ఉంటాయి గనుక కాకి కంటికి ఆనవు. ట్రాక్టరు తోలేవాడికీ ఆనవు, ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచే మనకీ ఆనవు. దగ్గరకి ఎవరైనా వస్తే అది అరిచేది ఆ గుడ్ల గురించే. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి చూడండి. ఏటా చలికాలానికి గూడబాతులు, రంగు కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. అవి రావడం ఊరికి శుభమని అక్కడివారి నమ్మకం, ఎవరూ వాటి జోలికి పోరు. కెమెరా పట్టుకున్న మనకన్నా వాళ్లకే మర్యాద తెలుసు.

యూనియన్ వారికి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు ప్రదర్శనలో అందమైన ఫొటోలకి బహుమతులు ఇస్తే ఇవ్వండి, కాని ఒక గోడ ఖాళీగా ఉంచండి. రేవులో రావిచెట్టు మొదట నిలబడి, నెలకొకటి చొప్పున, తేదీ వేసిన పన్నెండు ఫొటోలు అక్కడ పెడదాం. మొదటిది నేను తీసేశాను. అందులో ట్రాక్టర్లు రెండూ ఉన్నాయి. కొంగ కూడా ఉంది, కాస్త దూరంగా.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకి అక్కడే ఉంటాను. వెదురు గెడ నేను తెస్తాను. కెమెరా లేనివారు గెడ పట్టుకోవడానికైనా రండి.