సర్దుకుపోవాల్సింది ఆమేనా?

పరాయి దేశం పంపే అధికారికి అక్కడి భాషా ఆచారాలు నేర్పాలని, కుటుంబానికి ఇల్లు, పిల్లలకు బడి చూడాలని మానవ వనరుల నిర్వహణ శాస్త్రం చెబుతుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ఆ శాస్త్రంలో చోటేది? ఆమె 'మానవ వనరు' కాదు, పనిమనిషి.

ఆమెను 'నిర్వహించేది' కఫాలా పద్ధతి. అక్కడ ఉండే హక్కే యజమానితో ముడిపడి ఉంటుంది. జీతం ఎగ్గొట్టాడనో, కొట్టాడనో ఇల్లు వదిలితే 'పారిపోయిన మనిషి'గా నేరస్తురాలవుతుంది.

కువైట్ 2015లో చేసిన 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికో సెలవు ఇవ్వాలని చెప్పింది. మూసిన తలుపుల వెనుక అది అమలవుతోందో లేదో చూసేదెవరు?

మన ప్రభుత్వం ఏం చేసింది? 30 ఏళ్లు నిండని స్త్రీలు గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లరాదంది. రక్షణ పేరిట పెట్టిన ఈ ఆంక్ష అవసరాన్ని ఆపలేదు; స్త్రీలను విజిట్ వీసాల దారిలో ఏజెంట్ల చేతుల్లోకి నెట్టింది. ఇంటి పనివారి హక్కులపై 2011లో వచ్చిన ఐఎల్‌ఓ 189వ ఒడంబడికను మాత్రం ఇంకా ధ్రువీకరించలేదు.

అత్తారింటికి పంపుతూ చెప్పిన 'సర్దుకుపో' అన్న మాటే విమానం ఎక్కేటప్పుడూ ఆమెకు వినబడుతోంది. తిండి, బట్ట, భాష సంస్కృతి కావచ్చు. పాస్‌పోర్టు లాక్కోవడం, నిద్ర లేకుండా పని చేయించడం ఏ సంస్కృతీ కాదు. తెలుగులో రాసిన కాంట్రాక్టు, రాయబార కార్యాలయంలో తెలుగు తెలిసిన సిబ్బంది, 189వ ఒడంబడిక ధ్రువీకరణ: ఈ మూడూ మనం గట్టిగా అడగాలి.