తెర మీది వాస్తవం, కాగితం మీది వాస్తవం

2005లో క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘బాట్‌మన్ బిగిన్స్’, 2008లో ‘ది డార్క్ నైట్’ వచ్చినప్పటి నుంచి ‘వాస్తవికత’ అన్న మాట సూపర్‌హీరో కథలకు ఒక బిరుదులా స్థిరపడిపోయింది. అటువంటి చిత్రాల ధోరణిని బొమ్మల కథలోకి దింపవచ్చునా, దింపితే ఎలా అన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సినిమా రూపాన్ని అరువు తెచ్చుకున్న బొమ్మల కథ ఓడిపోతుంది. సినిమా తనకు తాను విధించుకున్న నియమాన్ని తెచ్చుకున్నది నిలబడుతుంది.

‘ది డార్క్ నైట్’లో ఒక పెద్ద లారీ నిలువునా లేచి తలకిందులవుతుంది. అందుకోసం షికాగో వీధిలో నిజమైన లారీనే పల్టీ కొట్టించారు. మనం ఉలిక్కిపడేది ఆ బరువును చూసి. కాగితం మీద ఆ బరువు లేదు. అక్కడ లారీ పల్టీ కొట్టడానికైనా, మనిషి ఆకాశంలో ఎగరడానికైనా అయ్యే సిరా ఒక్కటే. కనుక ఆ దృశ్యాన్ని ఛాయాచిత్రమంత నిక్కచ్చిగా గీసినా, చిత్రకారునికి దక్కేది కదలిక పోయిన సినిమా ముక్క మాత్రమే.

ఇందులో మరొక విచిత్రమున్నది. నోలన్ తొలి చిత్రం ఆ వాస్తవికతలో కొంత భాగాన్ని బొమ్మల కథ నుంచే తీసుకున్నది. ఫ్రాంక్ మిల్లర్ రచించగా డేవిడ్ మజుకెల్లి బొమ్మలు వేసిన ‘బాట్‌మన్: ఇయర్ వన్’ 1987లో నాలుగు సంచికలుగా వచ్చింది. మజుకెల్లి గీత ఎంతో పొదుపైనది; ఫోటోను అనుకరించదు. అయినా ఆ కథను నమ్ముతాం. ఎందుకు? కథానాయకుడు మొదటి రాత్రే కత్తిపోటు తిని, ఓడి, నెత్తురోడుతూ ఇల్లు చేరతాడు. గోర్డన్ అనే పోలీసు అధికారి గర్భవతి అయిన భార్యను గురించి దిగులుపడుతూ, లంచగొండి సహోద్యోగుల చేతనే దెబ్బలు తింటాడు. చేసిన ప్రతి పనికీ మూల్యం చెల్లించవలసి రావడమే అక్కడి వాస్తవికత.

ఈ దృష్టితో చూస్తే ‘ది రిడ్లర్: ఇయర్ వన్’ గమనించదగిన ప్రయోగం. మాట్ రీవ్స్ 2022లో తీసిన ‘ది బాట్‌మన్’లో రిడ్లర్ పాత్ర ధరించిన పాల్ డానోయే స్వయంగా ఈ ఆరు సంచికల కథ రాశాడు. బొమ్మలు స్టెవాన్ సూబిచ్‌వి. సినిమా ఆ మనిషిని చాలాసేపు ముసుగు వెనుక, బయటినుంచి చూపింది. బొమ్మల కథ అతని తలలోకి దిగింది. అనాథగా పెరిగి, లెక్కలు తనిఖీ చేసే చిరుద్యోగిగా బతుకుతున్న ఒంటరివాడు నగరపు అవినీతిని అంకెల్లో కనిపెడతాడు. అతని మనసు చెదిరినప్పుడల్లా గీత చెదురుతుంది, రంగు మారుతుంది. అతని రాతలే పుటలుగా పరచుకున్న చోట ఎంతసేపు ఆగాలో, ఏ మూల ముందు చదవాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు. సినిమాహాలులో కూర్చున్నవాడికి ఈ స్వేచ్ఛ లేదు. ఇక్కడ తెరలోని మసక వెలుగు కన్నా, ఒక నేరస్థుడు ఎలా తయారవుతాడన్న విచారణ కాగితానికి ఎక్కువ ఉపయోగపడింది.

నటుల పోలికలు లేకపోతే అభిమాని ఒప్పుకుంటాడా అని అడగవచ్చు. పోలికకూ ఒక్కొక్కప్పుడు అర్థముంటుంది. 1989 నాటి టిమ్ బర్టన్ చిత్రంలో హార్వీ డెంట్‌గా నటించిన బిల్లీ డీ విలియమ్స్‌కు తెరమీద టూఫేస్ అయ్యే అవకాశం రాలేదు. 1995లో ఆ పాత్ర మరొకరికి వెళ్ళింది. 2021లో మొదలైన ‘బాట్‌మన్ 89’ బొమ్మల కథ ఆ లోటు తీర్చింది. అక్కడ ఆ ముఖమే కథ. తక్కిన చోట్ల పోలిక వెంట పడితే ప్రతి గడిలోనూ మనకు నటుడే కనిపిస్తాడు, పాత్ర కనుమరుగవుతుంది.

అందువల్ల అనుసరణకు పూనుకునేవారు సినిమాను మళ్ళీ మళ్ళీ చూసి వెలుగునీడలను నకలు చేయనక్కరలేదు. ఆ లోకంలో ఏది అసాధ్యమో, దెబ్బ తగిలితే ఎన్నాళ్ళు నొప్పిపెడుతుందో, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు రాసి పెట్టుకోవాలి. ఆ పైన గీతను దాని దారిన పోనివ్వాలి. లేకుంటే, సినిమాకు ఊహలు అందించిన కళ చివరకు సినిమా ప్రచారపత్రంగా మిగిలిపోతుంది. నాకున్న బెంగ అదొక్కటే. మీరేమంటారు?