గద్ద తన్నుకుపోయిందట!

కుక్కల్ని పెంచుకునే నలుగురు ఒకచోట చేరారంటే ముందు ఏ తిండి పెడుతున్నారు, ఏ డాక్టరు దగ్గరికెళ్తున్నారు అన్న మాటలవుతాయి. ఆ తర్వాత తప్పకుండా గద్ద కథ వస్తుంది. "మా బ్రౌనీని బాల్కనీలోంచి ఎత్తుకుపోబోయింది తెలుసా, నేను చూడబట్టి సరిపోయింది!" అని ఒకరు మొదలుపెడతారు. ఇంకొకరి కజిన్ న్యూజెర్సీలో ఉంటాడు. అతని పక్కింటివాళ్ళ కుక్కనైతే ఏకంగా తన్నుకుపోయిందట. గమనించారో లేదో, పోయిన కుక్క ఎప్పుడూ పక్కింటివాళ్ళదే. చెప్పేవాళ్ళ కుక్క మాత్రం వెంట్రుకవాసిలో తప్పించుకుంటుంది.

లంచ్ టైములో వినడానికి ఈ కథలు బానే ఉంటాయి. కానీ వీటి పుణ్యమా అని మా అపార్ట్‌మెంట్లో ఇప్పుడు నిద్రగన్నేరు చెట్టు కొమ్మలన్నీ కొట్టేయాలని తీర్మానం చేశారు. ఆ చెట్టు మీద గద్దల గూడు ఉంది. గూట్లో పిల్లలున్నాయి. అందుకే ఇదంతా రాయాల్సొచ్చింది.

నాకు కుక్కలంటే పడదనుకునేరు. మా ఇంట్లో పద్నాలుగు కిలోల ఊరకుక్క ఉంది, సోఫా దానిదే, మేం కింద కూర్చుంటాం. ఈ మాటంటే మా పక్క ఫ్లాట్ ఆంటీ, "నీది పెద్ద కుక్క బాబూ, మా భయం నీకేం తెలుస్తుంది? మా చింటూ అయిదు కిలోలే" అన్నారు.

సరే ఆంటీ, ఇంజనీర్లం కదా, లెక్కే వేద్దాం. హైదరాబాద్ ఆకాశంలో పొద్దస్తమానం తిరిగేది నల్లగద్ద. రెక్కలు చాపితే ఈ చివర్నుంచి ఆ చివరికి దాదాపు మీటరున్నర ఉంటుంది కాబట్టి మీద నుంచి దూసుకొస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కాదనను. కానీ దాని బరువు కిలోకి అటూ ఇటూ. అదంతా ఈకలూ రెక్కలే. ఇలాంటి పక్షులు ఎత్తుకుని ఎగరగలిగేది మహా అయితే సొంత బరువులో సగం. అంటే అరకిలో! అరకిలో కెపాసిటీ ఉన్న లిఫ్టులో అయిదు కిలోల చింటూని ఎక్కించి, అది పై అంతస్తుకి వెళ్ళిపోయిందని చెప్తే నమ్ముతారా?

ప్రమాదం అసలు లేదని కాదు. కళ్ళు తెరవని కుక్కపిల్లని డాబా మీద వదిలేస్తే గద్ద తన్నుకుపోవచ్చు. కోడిపిల్లల సంగతి మన అమ్మమ్మలందరికీ తెలుసు. గోళ్ళు గీరుకుంటే గాయం కూడా అవుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళ భయానికి ఇంకొంచెం అర్థముంది. అక్కడి బాల్డ్ ఈగిల్ మూడు నుంచి ఆరు కిలోల పైదాకా తూగుతుంది, రాత్రిపూట పెద్ద కొమ్ముల గుడ్లగూబ కూడా ఉంది. కిలోన్నర చివావాని పెరట్లో ఒంటరిగా వదలొద్దంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ టెక్సస్ పెరటి జాగ్రత్త తెచ్చి కొండాపూర్ చెట్టు మీద అమలు చేస్తే ఎలా?

ఇక ఆ వీడియో ఒకటుంది, పార్కులో పిల్లాణ్ణి గద్ద ఎత్తుకుపోయేది. 2012 డిసెంబరులో వచ్చింది. మాంట్రియల్‌లో ఒక కాలేజీ విద్యార్థులు క్లాసు ప్రాజెక్టు కోసం చేసిన గ్రాఫిక్స్ అది. ఆ కాలేజీయే వెంటనే బయటపెట్టింది. అయినా మా మీటింగులో అదే సాక్ష్యం! రోజంతా కోడ్‌లో బగ్గులు వెతికేవాళ్ళు కూడా దాన్ని చూసి తలూపారు.

మరి గద్ద ఎందుకు మీదికొస్తోంది? దీని మీద ఢిల్లీలో పరిశోధన చేసి 2019లో పేపరు కూడా వేశారు. అక్కడ గద్దలు మనుషుల మీదికి దూకేది ఎక్కువగా గూడు దగ్గర, గూట్లో గుడ్లో పిల్లలో ఉన్నప్పుడు. అది కూడా చుట్టుపక్కల చెత్త ఎక్కువగా ఉండి, మనుషులు మాంసం ముక్కలు విసిరే చోట్ల మరీ ఎక్కువట. మనల్ని చూసి భయం పోవడం, పిల్లల మీద ప్రాణం, రెండూ కలిసిన వ్యవహారం. గూడు కింద నుంచి వెళ్ళే కుక్క దానికి భోజనం కాదు, చెట్టు కిందికొచ్చిన శత్రువు. మా దగ్గరా దూకింది సరిగ్గా ఆ చెట్టు కింది దారిలోనే. పైగా బి బ్లాక్ డాబా మీద రోజూ పొద్దున్నే చికెన్ తోళ్ళు విసిరే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పుణ్యమట. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు, ఆయన కమిటీ మెంబరు :)

ఇంకో విచిత్రం. తెలుగులో గద్ద, డేగ, రాబందు, గరుడపక్షి అని విడివిడిగా పేర్లుండగా మనం అన్నిటినీ ఈగిల్ అనేస్తున్నాం. తెల్ల తల, ఇటుకరంగు రెక్కలతో గరుడపక్షి కనబడితే లెంపలు వేసుకుని దణ్ణం పెట్టేవాళ్ళే, దానికి దగ్గరి చుట్టమైన నల్లగద్ద గూడు పీకెయ్యమంటున్నారు.

కుక్కలకీ ఇలాంటి పక్షులకీ ముడిపడిన కథ కావాలంటే నిజంగా చెప్పుకోవాల్సింది రాబందులది. ఒకప్పుడు మన దేశంలో కోట్లలో ఉండేవి. పశువు చస్తే ఊరి బయట పడేసేవాళ్ళు, గంటల్లో ఎముకలు మిగిలేవి. 1990ల నుంచి అవి మాయమవడం మొదలైంది. పశువులకి నొప్పి తగ్గడానికి వాడే డైక్లోఫెనాక్ ఆ కళేబరాల్లో మిగిలిపోయి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతింటున్నాయని 2004లో తేలింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అప్పటికే చాలా ఆలస్యమైంది, తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. తినేవాళ్ళు లేని ఆ కళేబరాల దగ్గరికి చేరిందెవరు? వీధికుక్కలు. కుక్కలు పెరిగాయి, కుక్కకాట్లూ రేబిస్ బెడదా పెరిగాయి, నీళ్ళు పాడయ్యాయి. రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో సుమారు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అయిదు లక్షలు! ఈ కథ ఏ లంచ్ టేబుల్ దగ్గరా నేను వినలేదు. తప్పించుకున్న బ్రౌనీ కథ మాత్రం నలభైసార్లు విన్నాను.

నల్లగద్దలకి ఆ గతి ఇంకా పట్టలేదు. మన చెత్త తింటూ మన టవర్ల మీదే బతికేస్తున్నాయి. సంక్రాంతి మాంజాకి రెక్కలు తెగి పడేవి పడగా మిగిలినవి ఇవి. ఎలాగూ బోలెడున్నాయి కదా అంటారా? రాబందుల గురించి కూడా అప్పట్లో అలాగే అనుకుని ఉంటారు.

తీర్మానం మీద సంతకాలు పెట్టినవాళ్ళకి చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకిచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళ జోలికెళ్ళడం కూడా ఉన్నాయి. అంటే మీరు మినిట్స్‌లో రాసుకుని, అందరూ సంతకాలు పెట్టి మరీ వేటకి బయల్దేరుతున్నారన్నమాట.

చేయాల్సింది చాలా చిన్న పని. గద్దపిల్లలు పుట్టిన ఆరేడు వారాలకి గూడు వదిలేస్తాయి. ఇప్పటికే మూడు వారాలైంది. ఇంకో నెల రోజులు ఆ దారికి అడ్డంగా తాడు కట్టి, "పైన గూడు ఉంది, వెనక గేటు వైపు నడవండి" అని ఒక బోర్డు పెడితే చాలు. డాబా మీద చికెన్ తోళ్ళు ఆపించాలి, చెత్తడబ్బాలకి మూతలు పెట్టించాలి. వాకింగులో కుక్కకి చికెన్ స్టిక్కులు చేత్తో ఊపి చూపించడం మానాలి, గద్దకి కావాల్సింది అదే, మీ కుక్క కాదు.

కొమ్మలు కొట్టే అతనికి అడ్వాన్స్ ఇచ్చేశామని సెక్రటరీగారు అంటున్నారు. ఆ రెండు వేలూ నేను కడతాను. ఆదివారం పదింటికి మీటింగు. ఆంటీ, వెయింగ్ మెషీన్ నేను పట్టుకొస్తాను, చింటూని మీరు తీసుకురండి.