సంగటికి ప్రచారము చాలునా?

భారత ప్రభుత్వము 2018ని చిరుధాన్యముల వత్సరముగా పాటించినది. మన దేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించినది. బీదల తిండియని మనవారే చిన్నచూపు చూచిన రాగులు నేడు అందమైన పొట్లములలో అంగళ్ళ ముందు వరుసకు వచ్చినవి. ఇది సంతోషింపదగిన మార్పే. కాని ఈ ప్రచారము మన విస్తరిని మార్చినదా, పొట్లముపై బొమ్మను మాత్రమే మార్చినదా యని ప్రశ్నించుకొనవలసియున్నది.

మాటకు తిండిని మార్చు శక్తి కలదు. 1965లో ఆహారపు కొరత దినములందు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమునకొక పూట భోజనము మానుడని కోరగా, ఎన్నియో యిండ్లలో సోమవారము రాత్రి పొయ్యి వెలుగలేదు. ఆ దశాబ్దముననే తంజావూరు రైతులు ఆకాశవాణి ద్వారా తెలిసికొన్న ఏ.డి.టి. 27 వరి వంగడమును "రేడియో బియ్య"మని పిలుచుకొన్నారు. తెల్లని అన్నమే గౌరవమనియు, సంగటి మొరటుదనియు ఒక తరము నేర్చుకొన్నదియు మాట వలననే.

అయితే ఆ మాట ఎవరిది? తెలంగాణమున జహీరాబాదు ప్రాంతపు దళిత మహిళా సంఘములవారు దీనికి చక్కని సమాధాన మిచ్చినారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో వారు పాతపంటల జాతర జరుపుచు, ఎడ్లబండ్లపై విత్తనములను ఊరూర త్రిప్పుచు వచ్చినారు. 2008లో మాచునూరున "సంఘం రేడియో" స్థాపించి, తమ సేద్యమును, తమ వంటను తమ యాసలోనే వినిపించినారు. పండించువారే చెప్పిరి గనుక ఆ మాటకు విలువ హెచ్చినది. 2019లో ఈ సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

మన వర్తూరున పొలములు చాలవరకు మేడలకు చోటిచ్చినవి. అయినను సంగటి కెలకు నేర్పు మన పెద్దల చేతులలో నింకను మిగిలియున్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదని పిల్లలకు ప్రకటనలు చెప్పుచున్నవి. అవ్వలు చెప్పుట లేదు. రాగి బిస్కత్తు పొట్లము వెనుక చిన్న అక్షరములను చదివినచో, కొన్నిట మైదాయు చక్కెరయు రాగులకంటె ముందుండుట కనబడును.

వ్యర్థము సంగతియు మరువరాదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి 2012 నాటి పరిశీలన, ఈ నగరపు పెండ్లిండ్లలో ఏటా 943 టన్నుల మంచి ఆహారము పాలగుచున్నదని లెక్క కట్టినది. ఇట్టి విస్తరిపై నొక రాగి ముద్ద చేర్చి, బాధ్యత నెరవేరినదనుకొనుట ఆత్మవంచన.

కావున మా సూచన లివి: మన విందులలో సంగటికి చోటు కల్పింపుడు, వచ్చువారి సంఖ్యను ముందుగ తెలిసికొని వండింపుడు, హోసకోట, మాలూరు ప్రాంతపు రైతులనుండి పది కుటుంబములు కలిసి నేరుగా రాగులు కొనుడు. ఆ ధరలను, పెద్దల వంట విధానములను వ్రాసి పంపినచో ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము. ప్రకటనలు ఋతువుతో మారును. ఇంట పెద్దలు వడ్డించుచు చెప్పిన మాట తరము నిలుచును.