లాగర్‌కి ఇన్ని క్లాసులా?

ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఏం జరిగిందో వరుసగా రాసిపెట్టడమే లాగింగ్. కిరాణా కొట్టులో రోజువారీ చిట్టా లాంటిది. చిన్న పనే కదా అనుకుంటాం. కానీ 2021 డిసెంబరులో ప్రపంచవ్యాప్తంగా ఐటీ టీమ్‌లకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

జావాలో విరివిగా వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో ‘లాగ్‌ఫోర్‌షెల్’ అనే లోపం బయటపడింది. తీవ్రత స్కోరు 10కి 10. రాసుకోమని ఇచ్చిన సందేశంలో ఒక ప్రత్యేక గుర్తు కనిపిస్తే లైబ్రరీ బయటి సర్వర్‌ను సంప్రదించేది. ఆ దారిన హ్యాకర్ కోడ్ లోపలికి వచ్చేది. చిట్టా రాయాల్సిన గుమస్తా, అందులోని మాటల్నే ఆదేశాలనుకుని కొట్టు తాళం తీసినట్టన్నమాట! 2.16.0 వెర్షన్‌లో సందేశాల్లోని ఆ సదుపాయాన్నే తీసేశారు.

ఫ్రెషర్లకు ఇందులో పాఠం ఒకటే: ఒక భాగానికి ఒకే పని. నేనది ఆలస్యంగా నేర్చుకున్నా. ఫైనలియర్ ప్రాజెక్టులో నా లాగర్‌కి మూడు గమ్యాలు: ఫైల్, స్క్రీన్, డేటాబేస్. రెండు రూపాలు: మామూలు టెక్స్ట్, జేసన్. ఒక్కో జతకీ ఒక్కో క్లాస్ చొప్పున 6 రాశా. ఇంటర్వ్యూలో గర్వంగా చూపించా. ‘ఇంకో గమ్యం, ఇంకో రూపం చేర్చాలంటే?’ అని అడిగారు. లెక్కేస్తే 12! నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

‘ఎక్కడికి పంపాలి’, ‘ఎలా రాయాలి’ అనే రెండు పనుల్నీ విడదీస్తే సరిపోయేది. నాలుగు గమ్యాలకు 4, మూడు రూపాలకు 3. మొత్తం 7 చిన్న క్లాసులు, వాటిని వాడుకునే లాగర్ ఒకటి. పైథాన్‌లో 2003 నుంచీ ఉన్న లాగింగ్ మాడ్యూల్‌ది ఇదే పద్ధతి: హ్యాండ్లర్ పంపుతుంది, ఫార్మాటర్ రూపమిస్తుంది. 2023లో గో భాషలో చేరిన ఎస్‌లాగ్‌లోనూ కొత్త గమ్యం కావాలంటే నాలుగు మెథడ్‌లున్న హ్యాండ్లర్ రాస్తే చాలు.

అలాగని అతిగా విడగొట్టొద్దు. ‘ఎప్పటికైనా పనికొస్తుందేమో’ అని రాసిన క్లాస్ కూడా బరువే.

ఈ వారం మీ రెజ్యూమెలోని ప్రాజెక్టు తెరవండి. ప్రతి క్లాస్ పనినీ ఒక్క వాక్యంలో రాయండి. వాక్యంలో రెండు పనులు కనిపిస్తే విడదీయండి. వాక్యమే కుదరకపోతే, ఆ క్లాస్ అవసరమా అని ఆలోచించండి. ఇంటర్వ్యూలో ఏం కట్టారో అందరూ చెబుతారు. ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో మీరు చెప్పండి.