శిలాఫలకం మీద లేని అంకెలు

పుదుచ్చేరి పట్టణంలో బడికి కొత్త భవనం కట్టినా ముందు మెరిసేది శిలాఫలకమే. దానిపై ముఖ్యమంత్రి మొదలు శాసనసభ్యుడి దాకా పేర్లు వరుస తప్పవు. లోపల చదువెలా సాగుతుందో మాత్రం ఉండదు. సొంత పరీక్షా బోర్డు లేని ఈ కేంద్రపాలిత ప్రాంతం 2023-24 నుంచి ప్రభుత్వ ఉన్నత తరగతులను సీబీఎస్ఈకి మళ్లించింది. అంతదాకా ఆంధ్ర బోర్డు పాఠాలు చదివిన యానాం తెలుగు పిల్లలకు ఏ భవనంకన్నా పెద్ద మార్పది. దానికి రిబ్బను లేదు కదా!

యానాం పొరుగు కోనసీమలోనూ ఇదే తంతు. 2021 ఆగస్టు 16న పి.గన్నవరంలో నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి, నాడు-నేడు తొలి విడతలో బాగుచేసిన 15,715 బడులను ప్రజలకు అంకితం చేశారు. మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు వచ్చాయి, కాదనడం అన్యాయం. కానీ పది నెలలు తిరగకముందే, 2022 జూన్‌లో, 117వ నంబరు జీవో వెలువడింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలిపోయాయి. కొత్త రంగుల ప్రాథమిక బడిలో మిగిలినవి ఒకటి, రెండు తరగతులే. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవో రద్దయింది. మధ్యలో మూడేళ్లు నలిగింది పిల్లలు.

రేపు ఏ పార్టీ నాయకుడు కత్తెర పట్టుకొని వచ్చినా పేర్ల కింద రెండు అంకెలు చెక్కించమని అడగండి: బడిలో పిల్లలెందరు, ఉపాధ్యాయులెందరు?